టాన్సిల్ శస్త్రచికిత్సలో రక్తస్రావం: కాలం, కారణం, గుర్తింపు

టాన్సిళ్ళ తొలగింపు చిన్న శస్త్రచికిత్సగానే పేరుపడింది. అయితే ఆ గాయాన్ని సాధారణంగా కుట్టి మూయరు. అది గొంతులో తెరచి ఉండి తనంతట తానే మానాలి. రక్తస్రావ సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

టాన్సిల్‌కు పలు ధమనీశాఖలు రక్తాన్ని అందిస్తాయి. వీటిలో ప్రధానమైనది ముఖధమని శాఖ. శస్త్రచికిత్స జరుగుతుండగా మాత్రం తరచుగా ఇబ్బంది పెట్టేది ధమని కాదు, టాన్సిల్ బయటి పొరను ఆనుకొని అంగిలి నుంచి దిగే సిర.

మొదటి 24 గంటలలో వచ్చేదానిని ప్రాథమిక రక్తస్రావమనీ, తరువాత వచ్చేదానిని ద్వితీయ రక్తస్రావమనీ అంటారు. కట్టిన ముడి జారడం, మత్తు దిగి రక్తపోటు పెరగడంతో ముడుచుకున్న నాళం తిరిగి తెరచుకోవడం మొదటిదానికి కారణాలు. అప్పటికి రోగి చాలావరకు వైద్యుల కళ్ళెదుటే ఉంటాడు. రెండవది ఎక్కువగా 5 నుంచి 10 రోజుల మధ్య, గాయంపై ఏర్పడిన తెల్లని పొర ఊడే వేళ, ఇంటి వద్ద వస్తుంది. 'ద్వితీయ' అన్న మాట తక్కువ ప్రాధాన్యాన్ని ధ్వనింపజేయడం ఈ పరిభాషలోని లోపమనే చెప్పాలి.

ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో 2003-04లో 33,921 మందిపై జరిగిన జాతీయ పరిశీలనలో 3.5 శాతం మందికి శస్త్రచికిత్సానంతర రక్తస్రావం కలిగింది. వేడితో నాళాలను మూసే పద్ధతులకంటే, లోహపరికరాలతో వేరుచేసి ముడులు వేసే పాత పద్ధతిలో ఇది తక్కువగా ఉండడం గమనార్హం. వేడి అప్పటికి రక్తాన్ని ఆపినా, చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా కొంత దెబ్బతీస్తుంది.

పసిపిల్లల విషయం వేరుగా చూడవలసి ఉంది. 15 కిలోల బిడ్డ శరీరంలో ఉండే రక్తం సుమారు 1,100 మిల్లీలీటర్లు మాత్రమే. పైగా నిద్రలో కారిన రక్తాన్ని పిల్లలు మింగేస్తారు; దిండుపై మరక కూడా కనిపించకపోవచ్చు. పదే పదే గుటకలు వేయడం, నాడి వేగం పెరగడం, కాఫీపొడి రంగు వాంతి కావడం దీని సూచనలు. రక్తపోటు చాలాసేపు నిలిచి ఉండి ఒక్కసారిగా పడిపోతుంది కనుక, అది సరిగా ఉందన్న భరోసా చాలదు.

రక్తం ఆగకపోతే మళ్ళీ మత్తు ఇచ్చి నాళాన్ని మూయవలసి వస్తుంది. కడుపు నిండా మింగిన రక్తం ఉన్న రోగికి మత్తు ఇవ్వడం మొదటిసారి ఇచ్చినంత సులభం కాదు. అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది. కొద్దిగా వచ్చి ఆగిన రక్తం కూడా పెద్ద రక్తస్రావానికి ముందుసూచన కావచ్చు. అటువంటి రోగిని ఆసుపత్రిలో ఉంచి పరిశీలించడం అందుకే.