మద్యం మానదలచిన వారి సమావేశాలు: కొన్ని సందేహాలు, సమాధానాలు

మద్యం నిషిద్ధమన్న సంగతి తెలియని ముస్లిం ఉండడు. అయినప్పటికీ విశాఖపట్నం వంటి ఓడరేవు నగరంలో, రాత్రింబవళ్ళు షిఫ్టులు నడిచే ఉక్కు కర్మాగారం ఉన్నచోట, ముస్లిం కుటుంబాలలో ఈ వ్యసనం లేదని చెప్పలేము. అయితే ఆ ఇళ్ళలో దుఃఖంతోపాటు దాపరికం కూడా ఉంటుంది. మస్జిదులో ముఖం చూపలేమన్న సిగ్గుతో తాగేవాడు దాస్తాడు, పరువు పోతుందని ఇంటివారు దాస్తారు. వ్యాధి మాత్రం ముదురుతూనే ఉంటుంది. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన వారిలో సుమారు 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందుతున్నారు.

ఇట్టివారి కొరకు ఏర్పడినదే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అనే పరస్పర సహాయ సంఘం. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు, ఇద్దరూ తాగుడు బాధితులే, ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకున్నప్పుడు అది ఆరంభమైంది. 1957లో భారతదేశానికి వచ్చింది. విశాఖలోనూ దాని బృందాలు ఉన్నాయి. చేరడానికి రుసుము లేదు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. అక్కడ ఇంటిపేరు, ఉద్యోగం, మతం ఎవరూ అడగరు. అక్కడ విన్నది బయట చెప్పరాదన్నది నియమం. 2020లో ప్రచురితమైన కొక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించి, పూర్తిగా మానివేయడంలో ఈ మార్గం ఇతర చికిత్సలకు తీసిపోదనీ, తరచు వాటికంటే మెరుగైన ఫలితమే ఇస్తున్నదనీ తేల్చింది.

సమావేశానికి వెళ్ళే ముందు ఒక జాగ్రత్త అవసరం. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపివేస్తే రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. కనుక తొలుత వైద్యుని చూడాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలగాని, కింగ్ జార్జ్ ఆసుపత్రిగాని అందుకు ఉన్నాయి. సమావేశాలు ఎక్కడ, ఏ రోజున జరుగుతాయో మానసిక వైద్యులనుగాని, ముంబైలోని సంఘ కార్యాలయాన్నిగాని అడిగి తెలుసుకోవచ్చు. వ్యసన విముక్తికై కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న 14446 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా మానివేయక, తనకు వీలైన వేళల సమావేశాలు రెండు మూడు తెలిసి ఉంచుకోవడం మంచిది.

సమావేశం సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. ఒకరి తరువాత ఒకరు తమ అనుభవం చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, ఉపదేశాలు ఇవ్వరు. మొదటిసారి వచ్చినవాడు మౌనంగా విని వెళ్ళిపోవచ్చు. ‘ఈ ఒక్క రోజు తాగను’ అన్నదే అక్కడి పాఠం. బాధితుల కుటుంబాలకై 1951 నుండి ‘అల్-అనాన్’ అనే వేరే సంఘం ఉంది.

ఇక ధర్మపరమైన సందేహాలు. అక్కడ చెప్పే ‘మనకంటే గొప్ప శక్తి’ ఎవరు? ఎవరి విశ్వాసం ప్రకారం వారు గ్రహించవచ్చునని సంఘమే చెబుతుంది. కనుక ముస్లిం అల్లాహ్‌నే తలచుకుంటాడు. సామూహిక ప్రార్థన తన విశ్వాసానికి సరిపడదనుకుంటే మౌనంగా ఉండవచ్చు. సమావేశం చర్చికి చెందిన గదిలో జరిగితే? సంఘం ఏ మతానికీ చెందినది కాదు, గది అద్దెకు తీసుకున్నది మాత్రమే. రేవు చెంత మూడు కొండలపై దర్గా, చర్చి, వేంకటేశ్వరాలయం ఇరుగుపొరుగుగా నిలిచిన విశాఖలో ఇందుకు జంకవలసిన పని లేదు.

మూడవ సందేహం బరువైనది. అల్లాహ్ కప్పి ఉంచిన పాపాన్ని తానే చాటుకోవడాన్ని దైవప్రవక్త (స) గట్టిగా ఖండించారు. మరి నలుగురిలో చెప్పుకోవడం ఎలా సమ్మతం? 1277లో మరణించిన ఇమామ్ నవవీ ‘అల్ అజ్కార్’ గ్రంథంలో దీనికి సమాధానమిచ్చారు: పాపం నుండి బయటపడే దారి చూపుతారన్న ఆశతో గురువుకుగాని, అట్టి మరొకరికిగాని చెప్పుకుంటే దోషం లేదు. గొప్పలకై చెప్పడం వేరు, రోగి వైద్యునికి గాయం చూపడం వేరు. పైగా విన్నవారు గుట్టు కాపాడతామని మాట ఇచ్చిన చోటు అది.

సహీహ్ బుఖారీలో అబ్దుల్లాహ్ అనే సహాబీ వృత్తాంతం ఉంది. తాగిన నేరానికి ఆయన పదే పదే శిక్ష పొందాడు. ఒకసారి ఎవరో ఆయనను శపించగా ప్రవక్త (స) వారించి, ఆయన అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. శిక్ష ఆగలేదు, నిషేధం సడలలేదు. అయినా ఆ మనిషిని సమాజం నుండి వెలివేయలేదు.

ఈ వృత్తాంతం మస్జిదు కమిటీలకు, ఇమాములకు, కుటుంబ పెద్దలకు వర్తిస్తుంది. తాగేవానిని దూషించి పంపివేస్తే అతడు పోయేది మళ్ళీ మద్యం దుకాణానికే. గుట్టు కాపాడి, వైద్యుని వద్దకు, ఆపై సమావేశానికి తోడు వెళ్ళి గుమ్మం దాకా దిగబెట్టేవాడు అతనికి నిజమైన సోదరుడు. తౌబా ద్వారం అల్లాహ్ తెరిచే ఉంచాడు. దానిని మూసే హక్కు ఇరుగుపొరుగువారికి లేదు.