దిగబడిన చక్రానికి బ్రేకు

ట్రాక్టరు తోలే మనిషి కుడికాలి దగ్గర బ్రేకు పెడళ్లు రెండుంటాయి. ఒకటి ఎడమ పక్క పెద్ద చక్రానికి, రెండోది కుడి పక్క చక్రానికి. రోడ్డెక్కేటప్పుడు రెంటినీ కలిపి గొళ్లెం పెడతారు, చేలోకి దిగగానే విడదీస్తారు. చాలు చివర లోపలి చక్రాన్ని పట్టి ఉంచి బండిని అక్కడికక్కడే తిప్పుకోవడానికి ఆ ఏర్పాటు. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు రేగడి చేలల్లో దానికి ఇంకో వాడుక కూడా ఉంది. ఒక పక్క చక్రం బురదలో పడి ఊరికే గిర్రున తిరుగుతుంటే, చెయ్యి తిరిగిన డ్రైవరు సరిగ్గా ఆ తిరిగే చక్రం బ్రేకునే మెల్లగా తొక్కుతాడు. అప్పటిదాకా కదలకుండా ఉన్న రెండో చక్రం నేలను పట్టుకుని బండిని బయటికి ఈడుస్తుంది.

లక్షలు పోసి కొనే ఫోర్‌వీల్ పికప్‌లో ట్రాక్షన్ కంట్రోల్ అని చెప్పుకునేది చేసే పని కూడా ఇదే. తేడా ఏమిటంటే అక్కడ కాలి బదులు కంప్యూటరు ఉంటుంది, వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలకూ అది వర్తిస్తుంది. ఈ సంగతి తెలియకనే కొందరు దాన్ని ఉత్త ఆర్భాటమని తీసిపారేస్తారు, కొందరు అది ఉంటే ఎక్కడికైనా పోవచ్చనుకుంటారు. కర్నూలు, కడప నేలల మీద రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే చక్రాల మధ్య ఉన్న డిఫరెన్షియల్ సంగతి ముందుగా తెలియాలి.

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలి. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి నేల మీద రాసుకుంటూ జారాల్సిందే. 1827లో ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం ఈ చిక్కు విప్పాడు. ఇరుసును రెండు ముక్కలు చేసి, మధ్యలో పళ్లచక్రాలు కూర్చి, రెండు పక్కలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేశాడు. ఇప్పటికీ మోటారు బళ్లు దాదాపు అన్నీ ఆ ఏర్పాటు మీదే నడుస్తున్నాయి.

దాని గుణమే దాని లోపం కూడా. అది వేగాన్ని ఎలాగైనా పంచనిస్తుంది గానీ, బలాన్ని మాత్రం ఎప్పుడూ రెండు పక్కలకూ సమానంగానే ఇస్తుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి పట్టు వదిలేస్తే కాడి అటు తిరిగిపోయి రెండో ఎద్దు బలం కూడా నాగలికి అందదు కదా, ఇక్కడా అంతే. లెక్క వేసి చూద్దాం. ఒక పికప్ వెనక ఎడమ చక్రం బురదలో ఉంది, ఆ నేల 50 కిలోల ఈడ్పుకు మించి తట్టుకోలేదు. కుడి చక్రం గట్టి బండ మీద ఉంది, 400 కిలోల దాకా పట్టగలదు. ఎడమ చక్రానికి 50 దాటగానే జారిపోతుంది కాబట్టి కుడి చక్రానికీ 50 మాత్రమే అందుతుంది. మొత్తం 100. కుడి పక్కనున్న పట్టులో 350 కిలోలు వృథా.

ఇప్పుడు ఎడమ చక్రానికి 250 కిలోల ఈడ్పును ఆపేంత బ్రేకు వేద్దాం. ఆ పక్కకు నేల ఇచ్చే 50, బ్రేకు ఇచ్చే 250 కలిపి 300 అడ్డు దొరికింది. డిఫరెన్షియల్ సమానంగా పంచుతుంది కాబట్టి కుడి పక్కకూ 300 చేరుతుంది. నేలను తోసే బలం 100 నుంచి 350కి పెరిగింది. అయితే ఇంజిను 600 పంపాల్సి వస్తోంది, అందులో 250 బ్రేకులో వేడిగా మారిపోతోంది. ఈ ఖర్చు సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఖర్చు లేని దారి డిఫరెన్షియల్ లాక్. రెండు ఇరుసు ముక్కలనూ ఇనుప పళ్లతో కలిపేస్తే డిఫరెన్షియల్ లేనట్టే. మన లెక్కలో 50, 400 కలిసి 450 కిలోలు నేలకు చేరతాయి, వేడి పుట్టదు. ట్రాక్టరులో మడమతో తొక్కే చిన్న పెడలు అదే. అయితే లాక్ వేసి బండిని మలపకూడదు, ఇరుసు మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. వేయాల్సిన సమయం, తీయాల్సిన సమయం డ్రైవరుకు తెలిసుండాలి.

ఎలక్ట్రానిక్ దారి అడవి కోసం పుట్టలేదు. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోయి కారు జారిపోకుండా బాష్ సంస్థ ఏబీఎస్‌ను 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లలోకి తెచ్చింది. ప్రతి చక్రం దగ్గరా పళ్లున్న ఒక ఇనుప కడియం, దానికి ఎదురుగా తీగ చుట్టిన అయస్కాంతం. పళ్లు దాటుతున్నప్పుడల్లా తీగలో చిన్న విద్యుత్ అల పుడుతుంది, అలల వరసను లెక్కపెట్టి ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరు పెట్టె తెలుసుకుంటుంది. బిగుసుకుపోబోతున్న చక్రానికి బ్రేకు ఒత్తిడిని క్షణం పాటు తగ్గిస్తుంది. ఆ తర్వాత ఇంజినీర్లకు తోచిందేమిటంటే, ఆగిపోతున్న చక్రాన్ని పసిగట్టే పెట్టె అతిగా తిరుగుతున్న చక్రాన్నీ పసిగట్టగలదు. డ్రైవరు పెడలు తొక్కకపోయినా ఒత్తిడి పుట్టించే పంపు, ఇంకొన్ని వాల్వులు చేర్చితే చాలు. 1986లో బాష్ ట్రాక్షన్ కంట్రోల్ వచ్చింది. 1995లో బండి పక్కకు తిరిగిపోవడాన్ని కూడా కనిపెట్టి సర్దే ఈఎస్‌పీ వచ్చింది. 1990ల మొదట్లో రేంజ్ రోవర్ ఈ బ్రేకు ఉపాయాన్ని కొండదారుల్లోకి తీసుకుపోయింది. 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌కు తక్కువ గేర్ల పెట్టె లేకపోవడంతో, దిగుడులో బండిని బ్రేకులే నెమ్మదిగా దించేలా హిల్ డిసెంట్ కంట్రోల్ కనిపెట్టారు.

ఆ బ్రేకు ఉపాయం మన రాష్ట్రానికి ఎంత దగ్గరగా వచ్చిందంటే, దాన్ని మోసే పికప్‌లు ఇక్కడే తయారవుతున్నాయి. 2016లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం మొదలైంది, డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అక్కడి నుంచే వస్తుంది. మీట తిప్పితే టూ హై (వెనక చక్రాలు మాత్రమే), ఫోర్ హై (నాలుగు చక్రాలూ), ఫోర్ లో (నాలుగు చక్రాలూ, తక్కువ గేర్లతో). పై రకాల్లో ట్రాక్షన్ కంట్రోల్, హిల్ డిసెంట్ కంట్రోల్ ఉంటాయి. 2022లో మన దేశానికి వచ్చిన టొయోటా హైలక్స్‌లో వాటికి తోడు వెనక ఇరుసుకు మీటతో పడే డిఫరెన్షియల్ లాక్ కూడా ఉంది.

వీటిని ఎర్రమల మీదికి తీసుకుపోండి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు ఆ కొండలు గట్టి రాతి పలకలు. ఎండి ఉంటే రాయి టైరును గట్టిగా పట్టుకుంటుంది, నేల మాత్రం సమంగా ఉండదు. వంక గట్టు ఏటవాలుగా ఎక్కుతుంటే ముందు ఒక పక్క, వెనక రెండో పక్క చక్రాలు గాల్లోకి లేస్తాయి. ఫోర్‌వీల్ వేసినా బండి ఆగిపోయేది ఇక్కడే. ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ ఫోర్‌వీల్ కలుపుతుంది గానీ, ఒక్కో ఇరుసులో ఎడమ కుడి చక్రాలు విడివిడిగానే ఉంటాయి. గాల్లో తిరిగే రెండు చక్రాలకు అడ్డు లేకపోవడంతో రాయి మీదున్న చక్రాలకూ బలం అందదు. అప్పుడు డ్రైవరు భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే పని చెడుతుంది. చక్రం ముందు జారాలి, జారినట్టు పెట్టెకు తెలియాలి, ఆ తర్వాతే బ్రేకు పడుతుంది. కాలు కదపకుండా ఒకే ఒత్తిడి మీద ఉంచితే అడుగున టకటకమని పంపు చప్పుడు వినిపిస్తుంది, గాల్లో చక్రం తటపటాయిస్తూ తిరుగుతుంది, రాయి మీదున్న చక్రాలకు బలం అంది బండి మూలుగుతూ లేస్తుంది. కదిలీ కదలని ఈ కాసేపట్లోనే చాలామంది కాలు తీసేసి, బండిలో సత్తా లేదంటారు. ఫోర్ లోలో ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే ఆ 600 కిలోలు పంపాల్సింది ఇంజినే.

రాతి నేల మీద ఈ ఏర్పాటుకు వంక పెట్టడానికి లేదు. అడవిశాఖ వాళ్లు లంకమల దారుల్లో తిరగాలన్నా, కొండ కొసన గాలిమర దగ్గరికి సామాను చేరవేయాలన్నా మనిషి నేర్పు లోటును ఇది చాలా వరకు తీరుస్తుంది. మలుపులో తీయడం మరిచిపోవడానికి ఇందులో లాక్ లేదు, నేర్చుకోవాల్సిన పెడలూ లేదు. ఎక్కుడు మరీ పొడుగైతే మాత్రం బ్రేకులు కాలిపోతాయి. బ్రేకు ఎంత వేడెక్కిందో లెక్కగట్టి, హద్దు దాటితే కాసేపు పని మానేసే బళ్లున్నాయి. అక్కడ హైలక్స్ లాంటి లాక్ ఉన్న బండిదే పైచేయి.

ఇక కుందూ లోయకు దిగుదాం. నంద్యాల, కోవెలకుంట్ల, అటు ప్రొద్దుటూరు దాకా పరిచినట్టున్న నల్లరేగడి. ఎండితే పాదం పట్టేంత నెర్రెలిస్తుంది, తడిస్తే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. శనగ విత్తే రోజుల్లో ఈశాన్య వాన ఒక్కటి పడిందంటే బండ్ల రస్తా మొత్తం వెన్నపూత. మట్టి టైరు పళ్ల సందుల్లో అతుక్కుని పూడిపోతుంది, టైరు నున్నగా అయిపోతుంది. ఇక్కడ నాలుగు చక్రాలకూ ఒకే గతి. ట్రాక్షన్ కంట్రోల్ బలాన్ని పట్టు లేని చోటి నుంచి పట్టున్న చోటికి మార్చగలదు, అంతే. ఏ చక్రానికీ పట్టు లేనప్పుడు మార్చడానికి ఏముంది? పైగా తారురోడ్డు కోసం రాసిన కొన్ని ప్రోగ్రాములు చక్రం జారగానే ఇంజిను బలాన్ని కోసేస్తాయి. రేగట్లో చక్రం కాస్త జోరుగా తిరిగితేనే టైరుకు అంటిన మట్టి చిమ్మిపోయి పళ్లు బయటపడతాయి. ఆ జోరును పెట్టె చంపేస్తే బండి మెల్లగా, మర్యాదగా దిగబడుతుంది. కాబట్టి రేగడి రస్తాలోకి దిగేముందే ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ మీట నొక్కాలి. పెన్నా ఇసుకలోనూ ఇదే మాట. అక్కడ దానికన్నా ముందు టైర్లలో గాలి 35 పీఎస్‌ఐ నుంచి 18, 20కి దించాలి. టైరు పొడుగ్గా సాగి ఎక్కువ ఇసుక మీద బరువు పంచుతుంది. పైసా ఖర్చు లేని ఈ పని చేసే మేలు ఏ కంప్యూటరూ చేయలేదు. తారురోడ్డు ఎక్కాక మళ్లీ గాలి నింపాలి, లేకుంటే టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి.

పికప్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. వెనక తొట్టి ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువే ఉండదు. నిండు బరువుకు తగ్గ కమాన్ కట్టలు ఖాళీ బండిని ఎగరేస్తాయి, చిన్న తడికే వెనక భాగం జారుతుంది. నాలుగు కడప బండలు తొట్టిలో ఇరుసుకు సరిగ్గా పైన వేసి కట్టేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. వదులుగా ఉన్న గులకరాళ్ల దిగుడులో ఏబీఎస్ బండిని కొంచెం ఎక్కువ దూరం పోనిస్తుందన్న సంగతీ తెలుసుకోవాలి. బిగుసుకున్న చక్రం తన ముందు గులకను కుప్ప చేసుకుని దానికే ఆగుతుంది, ఏబీఎస్ చక్రాన్ని తిరగనిస్తుంది కాబట్టి ఆ కుప్ప పడదు. అందుకే దిగుడులో బ్రేకు మీద భారం వేయకుండా ఫోర్ లో మొదటి గేరులో ఇంజినుతోనే దిగాలి. వంక పొంగి పారుతుంటే వీటిలో ఏదీ అక్కరకు రాదు. నీళ్లు బండి అడుగును ఎత్తితే చక్రాల మీద బరువు పోతుంది, బరువు పోయాక పట్టూ పోతుంది.

ఇంత చెప్పాక నాకు మిగిలిన బాధ ఒకటుంది. ఈ సదుపాయాలన్నీ ఖరీదైన బళ్లలోనే ఉన్నాయి. కర్నూలు మార్కెట్‌కు ఉల్లి, పత్తికొండకు టమాటా మోసేవి వెనక చక్రాలతో మాత్రమే నడిచే చిన్న పికప్‌లు. చేను గట్టు దగ్గర ఒక చక్రం కాలువ అంచు బురదలో, ఒకటి గట్టి నేల మీద, మన లెక్కలో చెప్పినట్టే, రోజూ ఇరుక్కునేవి అవి. వాటి డ్రైవర్లు ఇప్పటికీ తుమ్మకంప, కందికట్టె చక్రం కింద తొక్కుతారు. కొందరు హ్యాండ్‌బ్రేకు సగం లాగి వెనక చక్రాలు రెంటికీ అడ్డు పెడతారు, కానీ అది పట్టున్న చక్రాన్నీ పట్టేస్తుంది కాబట్టి ట్రాక్టరు విద్యలా పని చేయదు. ఏబీఎస్ ఉన్న బండికి చక్రాల సెన్సార్లు, వాల్వుల పెట్టె ఎలాగూ ఉంటాయి. ముందు ఇరుసుకు బలం పంపే యంత్రమంతా చేర్చడం కన్నా, ఆ పెట్టెకు పంపు, వాల్వులు, ప్రోగ్రాము చేర్చి వెనక చక్రాలకు బ్రేకు ఉపాయం నేర్పడం ఎంతో తేలిక. పికప్ కొనబోయే రైతు షోరూములో ట్రాక్షన్ కంట్రోల్ ఉందా అని అడిగి ఊరుకోకూడదు. జారే చక్రానికి బ్రేకు వేస్తుందా, లేక ఇంజినును తగ్గించి ఊరుకుంటుందా అని అడగాలి. దాన్ని ఆపే మీట ఉందా అని కూడా అడగాలి. ఒక పక్క చక్రాల కింద తడి గోనెసంచులు పరిచి, వాటి మీంచి ఎక్కించి చూపించమనాలి.