పాత టఫ్‌బుక్‌లో జీపీఎస్ రావట్లేదా? బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

ఈ ఎపిసోడ్ సెకండ్‌హ్యాండ్ టఫ్‌బుక్ కొన్నవాళ్ల కోసం. పానసోనిక్ వాళ్ల సీఎఫ్-19, సీఎఫ్-31 లాంటి మోటు ల్యాప్‌టాప్‌లు చూసే ఉంటారు. కిందపడినా, నాలుగు చినుకులు పడినా తట్టుకుంటాయి. కంపెనీలు వాడి వదిలేసినవి పాత మార్కెట్లో దొరుకుతున్నాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు బోటు ఉన్నవాళ్లకి వీటి మీద మోజు ఎందుకంటే, ఓపెన్‌సీపీఎన్ అనే ఉచిత చార్టు ప్రోగ్రాం వేసుకుంటే బోటు వెళ్లిన దారి గీతలా పడుతుంది. చీకట్లో తిరిగొచ్చేటప్పుడు ఆ గీత చూసుకుంటూ మొగలోకి రావచ్చని ఆశ. మొగ దగ్గర ఇసుక మేటలుంటాయి కాబట్టి స్క్రీను మీద చుక్క సరైన చోట ఉందా లేదా అనేది చిన్న విషయం కాదండి.

నాకొచ్చే ఫోన్లన్నిటిలో మాట ఒకటే, "జీపీఎస్ పోయిందండి" అని. షాపుకి తీసుకెళ్తే బోర్డు మార్చాలంటారు. నేననేది ఏంటంటే, రూపాయి పెట్టే ముందు ఒక్కటి తేల్చుకోండి. లోపలి రిసీవరు మాట్లాడుతోందా, లేదా? మాట్లాడుతుంటే అది బతికున్నట్టే.

అసలు మీ మెషీన్లో రిసీవరు ఉందా అన్నది ముందు చూడాలి. ఈ మోడళ్లలో జీపీఎస్ అందరికీ వచ్చేది కాదు, మొదట కొన్నవాళ్లు అడిగి పెట్టించుకుంటేనే ఉంటుంది. ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ జీపీఎస్ అనే లైను కనపడి, డిసేబుల్డ్ అని ఉంటే ఎనేబుల్డ్ చేయండి. తర్వాత విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల కింద ఏ కామ్ నంబరు కొత్తగా వచ్చిందో రాసి పెట్టుకోండి. చాలావాటిలో కామ్3 అవుతుంది, కానీ మీ దాంట్లో ఏముందో మీరే చూసుకోవాలి.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. విండోస్‌లో ఏదో మ్యాప్ తెరిచి, చుక్క రాలేదని జీపీఎస్ చచ్చిందనుకుంటారు. ఈ పాత రిసీవరు తనకి దొరికిన లెక్కని కామ్ పోర్టులోకి అక్షరాలుగా పంపిస్తుంది, అంతే. విడిగా డ్రైవరు ఉంటే తప్ప ఆ మ్యాప్ అటు చూడదు. ఆ అక్షరాలు కంటితో చూడాలంటే పుట్టీ అనే చిన్న ప్రోగ్రాం చాలు. సీరియల్ ఎంచుకుని, కామ్ నంబరిచ్చి, వేగం 9600 పెట్టండి. పిచ్చి గుర్తులు వస్తే 4800 పెట్టి చూడండి. డాలరు గుర్తుతో మొదలయ్యే లైన్లు సెకనుకోసారి వస్తుంటే రిసీవరు బతికే ఉంది. చూడ్డం అయ్యాక పుట్టీ మూసేయడం మర్చిపోవద్దు. కామ్ పోర్టుని ఒకసారికి ఒక ప్రోగ్రామే వాడుకోగలదు. అది తెరిచి ఉంచి, ఓపెన్‌సీపీఎన్‌కి ఏమీ రావట్లేదంటే ఎలా వస్తుందండి?

ఇంకో వింత ఉంది. కొందరికి మౌసు బాణం దయ్యం పట్టినట్టు దానంతటదే గెంతుతుంది. జీపీఎస్ పంపే అక్షరాల్ని చూసి విండోస్ అది పాతకాలపు సీరియల్ మౌసనుకుంటుంది. డివైస్ మేనేజర్లో మౌసుల కింద సీరియల్ బాల్‌పాయింట్ అని కనపడుతుంది. దాన్ని డిసేబుల్ చేయండి. తీసేస్తే మళ్లీ పుట్టుకొస్తుంది.

సరే, లైన్లు వస్తున్నాయి, చుక్క రాలేదు. అప్పుడు జీపీఆర్ఎంసీ అనే లైను చూడండి. సమయం పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఇంగ్లీషు ఏ అయితే లెక్క కుదిరినట్టు, వీ అయితే కుదరనట్టు. వీ ఉందంటే ముందు మీరున్న చోటు మార్చండి. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల పైన ఉంటాయి, అక్కణ్ణుంచి వచ్చే సిగ్నలు శ్లాబు కింద అందదు. వాన వెలిసిన కొబ్బరితోటలో తడి మట్టల కింద కూడా నీరసపడుతుంది. గట్టు మీదకో, సముద్రం ఒడ్డుకో తీసుకెళ్లి కదపకుండా పావుగంట వదిలేయండి. ఒక్కో ఉపగ్రహం తన దారి వివరాన్ని 30 సెకన్లకోసారి చెప్తుంది. అన్నిటి పట్టిక పూర్తిగా దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఏళ్లతరబడి మూలపడ్డ మెషీను రెండు నిమిషాల్లో పలకలేదని కట్టేస్తే, మళ్లీ మొదటికే.

అరగంటైనా ఒక్క ఉపగ్రహమూ కనపడకపోతే అప్పుడు యాంటెన్నాని అనుమానించండి. సఖినేటిపల్లి నుంచి ఒక అన్నగారు ఇలాగే తెచ్చారు. లైన్లు వస్తున్నాయి, ఎంతసేపున్నా వీ. విప్పి చూస్తే కందిగింజంత యాంటెన్నా కనెక్టరు ఊడి పక్కన పడుంది. ఎవరో లోపల రిపేరు చేసి పెట్టడం మర్చిపోయారు. నొక్కి పెట్టాం, ఒడ్డున పది నిమిషాల్లో ఏ వచ్చింది. ఆయన అప్పటికే కొత్త బోర్డుకి బేరమాడి ఉన్నారు.

ఏ వచ్చాక కూడా అంకెలు చదవడంలో ప్రమాదం ఉంది. అమలాపురంలో నిలబడితే అక్షాంశం 1634.7 అని వస్తుంది. అది 16 డిగ్రీల 34.7 నిమిషాలు. నిమిషాల్ని అరవైతో భాగిస్తే 16.578. అలా కాకుండా చుక్కని ముందుకి జరిపి 16.347 అని మ్యాపులో కొట్టారనుకోండి, పాతిక కిలోమీటర్లు దక్షిణానికి జరిగి బంగాళాఖాతంలో తేలతారు. ఇది రిసీవరు లోపం కాదు.

గడియారం అయిదున్నర గంటలు వెనక ఉంటే కంగారొద్దు, అది అంతర్జాతీయ సమయం. తేదీ దాదాపు ఇరవయ్యేళ్లు వెనక్కి పోతే, పాత చిప్పు వారాల లెక్క తిరగబడిందన్నమాట. జీపీఎస్ వారాలు 1024 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి, కిందటిసారి 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా జరిగింది. తేదీ తప్పినా చోటు మాత్రం మామూలుగా సరిగ్గానే చెప్తుంది.

ఆకాశం తెరిపిగా ఉన్నా అయిదు మీటర్లు అటూఇటూ ఉంటుందనుకోండి. ఒక సెంటు భూమి చదరంగా గీస్తే పక్క ఆరుమీటర్ల చిల్లరే, కాబట్టి గట్టు తగాదాలకి దీన్ని తేవద్దు. బోటుకి సరిపోతుంది. కానీ నిరుటి గీత పట్టుకుని మాత్రం మొగలోకి రావద్దండి. జీపీఎస్ సరిగ్గానే చెప్తుంది, ఇసుక మేట మాత్రం నిరుడున్న చోట ఉండదు.