మొద్దు పిల్లవాడికి మందుందా?

పోయిన జూలైలో, వాన కాస్త తెరిపి ఇచ్చిన ఒక ఉదయం, అడవి అంచున ఉన్న ఒక ఆశ్రమ పాఠశాల నుంచి మాష్టారొకరు ముగ్గురు పిల్లల్ని ఆటోలో ఎక్కించుకొని భద్రాచలంలో నా దగ్గరికి వచ్చారు. జ్వరాల రోజులు. వరండా నిండా జనం. "ఎన్నాళ్ళ నుంచి జ్వరం?" అన్నాను చీటీలు అందుకొంటూ.

"జ్వరం కాదండీ డాక్టరుగారూ. మొద్దులు. నాలుగో తరగతికి వచ్చారు, ఒక్కడికీ ఒక వాక్యం తిన్నగా చదవడం రాదు. బుర్రకు పనిచేసే టానిక్ ఏదన్నా రాసివ్వండి" అన్నారాయన.

మంచి మనిషే. సొంత డబ్బుతో ఆటో మాట్లాడుకొని, గుంతల రోడ్డు మీద నలభై కిలోమీటర్లు వచ్చిన మనిషిని చెడ్డవాడని ఎలా అంటాం? కాని బుర్రకు టానిక్ లేదు. జ్ఞాపకశక్తి పెంచుతామంటూ రంగురంగుల అట్టపెట్టెల్లో అమ్మే సీసాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ డబ్బుతో గుడ్లు, పల్లీలు కొనిపెడితే పిల్లవాడి ఒంటికైనా పడతాయి.

మన ఏజెన్సీలో ఒక అలవాటు ఉంది, మంచి అలవాటు. జ్వరమని ఎవరు వచ్చినా రక్తపు చుక్క తీసి చూడనిదే పంపించం. జ్వరం అనేది రోగం పేరు కాదనీ, దాని వెనక మలేరియానో డెంగ్యూనో టైఫాయిడో ఉంటుందనీ ఇప్పుడు గూడెంలో ముసలమ్మకు కూడా తెలుసు. మరి చదువు రావడం లేదని వచ్చిన పిల్లవాడికి మాత్రం ఏ పరీక్షా చేయకుండానే "మొద్దు" అని ఎందుకు తేల్చేస్తున్నాం? మొద్దు అనేది కూడా రోగం పేరు కాదు గదా!

మొదటివాణ్ణి దగ్గరికి పిలిస్తే చెప్పకముందే తెలిసిపోయింది. చీము వాసన. తరగతిలో పక్క పిల్లలు ముక్కు మూసుకొంటున్నారని వీణ్ణి ఆఖరి వరుసలో కూర్చోబెట్టారట. అసలే చెవి వినబడదు, ఆపైన ఆఖరి వరుస, మీద రేకుల కప్పు. వాన పడితే ఆ గదిలో మంచి చెవులున్న నాకే ఏమీ వినిపించదు.

చెవి కారడం మన పల్లెల్లో రోగం కిందే లెక్క కాదు. "చిన్నప్పటి నుంచీ కారుతోందండీ, పెద్దయితే అదే పోతుంది" అంటారు. జలుబు చేసినప్పుడు గొంతులోంచి చెవిలోకి ఉన్న సన్నని గొట్టం గుండా సూక్ష్మక్రిములు ఎక్కి, చీము పట్టి, కర్ణభేరికి చిల్లు పడుతుంది. రెండు వారాలు దాటి కారుతూ ఉంటే అది తనంతట తాను మానే అవకాశం తక్కువ. వినికిడి పూర్తిగా పోదు, అదే చిక్కు. పేరు పెట్టి గట్టిగా పిలిస్తే పలుకుతాడు, కాబట్టి చెవుడని ఎవరికీ తోచదు. పాఠంలో "తల", "కల", "సల" మూడూ వాడికి ఒకలాగే వినబడతాయి. విననిది ఎలా రాస్తాడు?

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. పిల్లవాడి వెనక ఒక బారెడు దూరంలో నిలబడండి. మీ పెదవులు వాడికి కనబడకూడదు. ఒక చెవి మూయించి, రెండో చెవి వైపు గుసగుసగా "నాలుగు, తొమ్మిది, ఏడు" అనండి. తిరిగి చెప్పలేకపోతే డాక్టరుకు చూపించండి. కారే చెవిలో నూనె పోయకండి, ఆకు పసరు పిండకండి. పిన్నీసు, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి. శుభ్రమైన నూలుగుడ్డను వత్తిలా చుట్టి చీమును అద్ది తీయడం, స్నానంలో నీళ్ళు పోకుండా వాజిలిన్ రాసిన దూదితో చెవి మూయడం, వాగులో మునకలు మానడం మీ పని. చుక్కల మందు ఏదో, ఎన్నాళ్ళో డాక్టరు చెబుతాడు. చెవి ఆరాక అవసరమైతే చిల్లును ఆపరేషనుతో మూయవచ్చు. ఈలోగా బడిలో ముందు వరుసలో, బాగా వినిపించే చెవి మాష్టారి వైపు ఉండేటట్టు కూర్చోబెట్టాలి. దీనికి కాణీ ఖర్చు లేదు.

ఇంత చెబుతున్న నేను ఒకప్పుడు ఏం చేశానో కూడా చెప్పాలి. ఇరవై అయిదేళ్ళ పైమాట. కొత్త ఉద్యోగం, అడవిలో చిన్న ఆరోగ్య కేంద్రం. ఒక కోయ తండ్రి ఎనిమిదేళ్ళ కొడుకును తీసుకొచ్చాడు. "సారూ, ఈనికి సదువు వత్తలేదు. పంతులు ఇంటికి తోలిండు" అన్నాడు. నేను తెలుగులో నాలుగు ప్రశ్నలడిగాను. వాడు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. "ఏమయ్యా, వీడికి బుద్ధి తక్కువ. పశువుల దగ్గర పెట్టుకో" అన్నాను. మొత్తం మూడు నిమిషాలు. ఆ తండ్రి నాకు దండం పెట్టి వెళ్ళాడు. ఏడేళ్ళ తర్వాత వాడే చెవి వెనక నిమ్మకాయంత వాపుతో వచ్చాడు. నాలుగేళ్ళ వయసు నుంచీ రెండు చెవులూ కారుతున్నాయని తల్లి అప్పుడు చెప్పింది. మొదటిసారి నేను అడగలేదు. చెవిలోకి లైటు వేసి చూడనూ లేదు. పెద్దాస్పత్రికి పంపితే ఆపరేషను చేశారు, ప్రాణం దక్కింది. పంపేముందు నా బల్ల మీద కాగితం మీద వేలిముద్ర వేశాడు.

సరే, రెండోవాడి దగ్గరికి వద్దాం. "వీడు మొండివాడండీ. పాఠం మధ్యలో పిలిస్తే ఒక్కోసారి పలకడు, గుడ్లప్పగించి చూస్తాడు" అన్నారు మాష్టారు. గాలి సోకిందని గూడెంలో తాయెత్తు కూడా కట్టారు. నేను ఒక కాగితం ముక్క వాడి మొహం ముందు పట్టుకొని, అది ఎగిరేటట్టు గట్టిగా ఊదుతూనే ఉండమన్నాను. ఒకటిన్నర నిమిషం ఊదాడు. ఉన్నట్టుండి ఊదడం ఆగిపోయింది. చూపు నిలిచిపోయింది, రెప్పలు సన్నగా కొట్టుకొన్నాయి. పది సెకన్లు. మళ్ళీ ఏమీ జరగనట్టే ఊదడం మొదలుపెట్టాడు! మాష్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఇది మూర్ఛలో ఒక రకం. కాళ్ళూ చేతులూ కొట్టుకోవు, నురగ రాదు, కింద పడరు. రోజుకు పదులసార్లు రావచ్చు. అన్నిసార్లు పాఠానికి చిల్లులు పడుతుంటే లెక్క ఎక్కడ మొదలైందో వాడికెలా తెలుస్తుంది? మెదడు విద్యుత్తును గీసి చూపే ఈఈజీ పరీక్షతో నిర్ధారణ అవుతుంది. చాలామంది పిల్లల్లో మాత్రలకు బాగా లొంగుతుంది. ఒక్క జాగ్రత్త. నెలరోజులు రాలేదు గదా అని మాత్రలు ఆపకూడదు. హాస్టలు పిల్లలయితే సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రలు లెక్కపెట్టి తల్లి చేతికివ్వాలి. (ఊదించే పరీక్షను ఇంట్లో చేయకండి, డాక్టరు ఎదుటే చేయాలి.)

మూడోవాడితోనే నాకు ఎక్కువ సమయం పట్టింది. చెవులు బాగున్నాయి. ఇరవై అడుగుల దూరాన ఉన్న పటంలో ఆఖరి వరుస గుర్తులు కూడా చూపించాడు. రక్తం ఫరవాలేదు. తెలుగులో అడిగితే ముక్తసరిగా జవాబిస్తున్నాడు. మా ఆస్పత్రిలో కోయ ఆయమ్మ ఒకామె ఉంది, ఆమెను పిలిచి మాట్లాడించాను. అంతే, నోటికి అడ్డం లేదు! తాత వాగులో చేపలకు బుట్టలు ఎలా అడ్డం పెడతాడో, ఎన్ని బుట్టలకు ఎన్ని చేపలు పడ్డాయో, అమ్మితే ఎంత వచ్చిందో లెక్కతో సహా చెప్పాడు. ఆయమ్మ నవ్వి, "ఈడు మొద్దేంది సారూ" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మన చర్ల, దుమ్ముగూడెం వైపు పిల్లల్లో చాలామందికి ఇంటి భాష కోయ. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకొన్న గొత్తికోయల పిల్లలకయితే బడిలో అడుగుపెట్టేదాకా తెలుగు చెవిన పడడమే అరుదు. కోయలో "ఏరు" అంటే నీళ్ళు. గ్లాసు బొమ్మ చూపించి ఇందులో ఏముందని అడిగితే పిల్ల "ఏరు" అంటుంది, పంతులమ్మ తప్పు వేస్తుంది. భాష రాకపోవడం రోగం కాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల వాచకాలు తయారుచేసి బోధన మొదలుపెట్టింది ఇందుకే. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించమంటుంది. తన భాషలో కథ చక్కగా చెప్పగల పిల్లకు కావలసింది డాక్టరు కాదు, కొన్నాళ్ళ వ్యవధి, కోయ తెలిసిన ఒక మనిషి.

కాని మూడోవాడి చిక్కు అదొక్కటే కాదు. వాడు కోయ మాటను తెలుగు అక్షరాల్లో రాసిచ్చినా చదవలేకపోయాడు. "ప"ను "వ" అంటాడు, "మ" దగ్గర ఆగిపోతాడు, దీర్ఘాలు మింగేస్తాడు, ఒత్తులు ఏ అక్షరం కింద వేలాడదీయాలో తెలియదు. పైపేరాలో సరిగ్గా చదివిన మాటే కింది పేరాలో కొత్తదైపోతుంది. తెలివి ఉండి, చూపూ వినికిడీ ఉండి, అక్షరం మాత్రం పట్టుబడకపోవడం. దీన్ని డిస్‌లెక్సియా అంటారు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఇలాంటి పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. చదువంతా నోటితోనే చెప్పేటట్టయితే బడి మొత్తానికి వాడే చురుకైనవాడయ్యేవాడని ఆ కుర్రాడి మాష్టారు అన్నాడట. సీమలో పుట్టినా వాగు ఒడ్డున పుట్టినా ఒకటే తీరు!

దీనికి మందు లేదు, కళ్ళజోడు లేదు, దెబ్బలు అసలే పనికిరావు. పద్ధతి మార్చాలి. పళ్ళెంలో ఇసుక పోసి, వేలితో అక్షరం దిద్దుతూ పైకి పలికించాలి. రోజుకు ఒక్క అక్షరం, ఒక్క గుణింతం, అది నిలిచాకే రెండోది. ఒత్తులు ఒకటొకటిగా. అందరి ముందూ నిలబెట్టి చదివించవద్దు. ప్రశ్నలు చదివి వినిపించి జవాబు నోటితో చెప్పించుకోండి. సాధారణంగా ఎనిమిదేళ్ళు దాటాకగాని ఈ పేరు పెట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి దొరుకుతారు. పరీక్ష చేసేది మనస్తత్వ నిపుణులు. జిల్లా ఆస్పత్రిలో అడగండి.

మిగతావి క్లుప్తంగా. బల్ల మీదికి వంగి రాసే పిల్లకు కళ్ళు చూపించండి. కునికే పిల్లకు రక్తహీనత, నులిపురుగులు చూడండి. ఒళ్ళు నొప్పులని, కీళ్ళ నొప్పులని మాటిమాటికీ బడి ఎగ్గొట్టే గిరిజన పిల్లకు సికిల్‌సెల్ పరీక్ష తప్పనిసరి. ఇవన్నీ చూశాక నిజంగానే బుద్ధి ఎదుగుదల తక్కువని తేలేవారూ కొందరుంటారు. వారికీ బడిలో చోటుంది, చట్టప్రకారం ఉంది. అలాంటి పిల్లలకు ఎలా నేర్పాలో సికిందరాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థలో చెబుతారు. 2013 నుంచి బడులకు వస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందం వచ్చిన రోజున "మొద్దులు" అనుకొనే పిల్లల్ని వరుసలో ముందు నిలబెట్టండి, దాచకండి.

ఇంతకీ ఆ ముగ్గురూ ఏమయ్యారంటారా? రెండోవాడికి మూడు నెలలుగా ఆ చూపు నిలిచిపోవడం లేదు. మూడోవాడు మూడు మాటల వాక్యం, వేలు పెట్టుకొని, చెమటలు కక్కుతూ చదువుతున్నాడు. మొదటివాడు దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. తండ్రి వెంట పత్తి తీతకు పోయాడట. మాష్టారు రెండుసార్లు గూడేనికి వెళ్ళి వచ్చారు. ఒక చెవి ఆరింది గాని రెండోది ఇంకా కారుతూనే ఉండాలి. వాడి చుక్కల మందు సీసా నా బల్ల సొరుగులోనే ఉంది. వచ్చే ఆదివారం మాష్టారితోపాటు నేనూ వెళుతున్నాను.