నిమిషానికి లీటరున్నర దమ్ము

గని రెస్క్యూ దళంలోని మనిషి వీపున తగిలించుకునే పెట్టె బరువు సుమారు 15 కిలోలు. అందులో రెండు లీటర్ల ఆక్సిజన్ సిలిండర్, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకునే సోడా లైమ్ గుళికలు, లోపలికి తీసుకునే గాలిని చల్లబరిచే మంచుగడ్డ ఉంటాయి. సిలిండర్‌లో 200 బార్ పీడనంతో కుక్కిన ఆక్సిజన్ మామూలు పీడనంలో సుమారు 400 లీటర్లవుతుంది. అది నాలుగు గంటలు రావాలి. 240 నిమిషాలకు పంచితే నిమిషానికి దక్కేది లీటరున్నర పైచిలుకు. పొగ కమ్మిన దారిలో తోటి కార్మికుణ్ని స్ట్రెచర్ మీద మోసుకొచ్చేవాడికి ఉన్న ఆస్తి అంతే. ఆయాసం పెరిగితే వాల్వు ఇంకొంచెం వదులుతుంది. కానీ అలా వదిలినకొద్దీ నాలుగు గంటల సరుకు ముందే అడుగంటుతుంది.

ఒకే రకం సిలిండర్‌తో దిగిన ఇద్దరిలో ఒకరు నిబ్బరంగా పని ముగిస్తే, ఇంకొకరు సగం దారిలోనే రొప్పుతారు. ఈ తేడాకు నస్పూర్, గోదావరిఖని లాంటి బొగ్గు గనుల ఊళ్లలో మనవాళ్లు చెప్పే మాట ఒక్కటే: దమ్ము. దమ్ములో పుట్టుకతో వచ్చేది కొంత ఉన్నా, సాధనతో పెంచుకోగలిగింది చాలా ఉంది. దాన్ని పెంచే మంచి మార్గాల్లో, కూర్చున్నచోటే పడవ తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ మెషిన్ ఒకటి. అయితే దాన్ని నిదానంగా, ఆపకుండా లాగాలి. నిదానం ఎందుకో తెలియాలంటే కండ లోపలికి వెళ్లాలి.

కండలో కరెన్సీ

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ, 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. 1929లో వాళ్లిద్దరూ ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కండ ముడుచుకున్న ప్రతిసారీ ఖర్చయ్యేది ఈ ఏటీపీయే.

చిక్కేమిటంటే, కండలో ఏటీపీ నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని వెంటనే నింపుతుంది కానీ, ఒంట్లోని బలమంతా పెట్టి చేసే పనిలో అది కూడా పది సెకన్లకు మించి ఆదుకోలేదు. ఆ తర్వాత గ్లూకోజు కరగాలి. ఆక్సిజన్ వాడకుండా కరిగిస్తే ఒక్కో గ్లూకోజు అణువుకు మిగిలేది 2 ఏటీపీలు. పని వేగంగా జరుగుతుంది, కానీ కండలో ఆమ్లత పెరిగి కాళ్లు బరువెక్కుతాయి. అదే మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన పొయ్యిల్లో ఆక్సిజన్‌తో మండిస్తే దాదాపు 30 వస్తాయి. పైగా అక్కడ కొవ్వు కూడా ఇంధనమవుతుంది. కాబట్టి దమ్ము అంటే ఛాతీ వెడల్పు ఒక్కటే కాదు. ఆక్సిజన్‌ను కండదాకా చేర్చే గుండె, దాన్ని అందుకుని మండించే పొయ్యిలు, రెండూ కలిస్తేనే దమ్ము.

నిదానం చేసే పని

ఆయాసం రాని వేగంతో అరగంట, ముప్పావుగంట కదులుతూ ఉంటే ముందుగా మారేది రక్తం. మొదటి కొన్ని వారాల్లోనే అందులోని ద్రవభాగం పెరుగుతుంది. గుండెకు ఒక్కో దెబ్బకు చిమ్మడానికి ఎక్కువ రక్తం దొరుకుతుంది, కాబట్టి అదే పనికి తక్కువ దెబ్బలు చాలు. నెలలు గడిచేకొద్దీ కండల్లో వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. పొయ్యిల సంగతి 1967లో పరిశోధకుడు జాన్ హాలోజీ చూపించారు. ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తే, వాటి కండరాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం దాదాపు రెట్టింపైంది.

దీన్ని రెస్క్యూ మనిషి లెక్కలోకి తెద్దాం. 70 కిలోల మనిషి ఒంట్లోని సత్తువంతా పెడితే నిమిషానికి 2.1 లీటర్ల ఆక్సిజన్ వాడగలడనుకోండి. లీటరున్నర అడిగే పని అతని శక్తిలో 71 శాతం. సాధనలేని వాళ్లలో చాలామందికి ఆయాసం మొదలయ్యే గీత అంతకంటే కిందనే ఉంటుంది. కొన్ని నెలల సాధనతో ఆ గరిష్ఠం 2.5 లీటర్లకు పెరిగిందనుకుందాం. పని అదే, ఆక్సిజన్ అంతే, కానీ ఇప్పుడది 60 శాతమే. సాధనతో ఆయాసపు గీత కూడా పైకి జరుగుతుంది. నిన్న రొప్పించిన పని ఇవాళ మాట్లాడుతూ చేయగలిగేది ఇందుకే.

మెషిన్ మీద మూడు సెకన్లు

ఇప్పుడు ఎక్కువగా కనిపించే గాలి చక్రం రకం మెషిన్‌ను జనంలోకి తెచ్చినవాళ్లు అమెరికాలోని వెర్మాంట్‌కు చెందిన డిక్, పీటర్ డ్రైసిగాకర్ సోదరులు. తెడ్లు తయారుచేసే ఈ అన్నదమ్ములు 1981లో సైకిలు చక్రంతో మొదటి మోడల్ చేశారు. అక్కడ చలికాలం నీళ్లు గడ్డకడితే పడవ సాధన ఆగిపోతుంది. మనకు అడ్డం వచ్చేది ఎండ. మే నెలలో మంచిర్యాల, రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు నీడపట్టున చేసే సాధనే మేలు.

నిమిషానికి 20 లాగుళ్లంటే ఒక్కోదానికి మూడు సెకన్లు. మోకాళ్లు ముడిచి, చేతులు చాచి, వీపు నిటారుగా ఉంచి మొదలుపెట్టాలి. ముందు కాళ్లతో తన్నాలి. కాళ్లు చాపుకున్నాక నడుము దగ్గర కొద్దిగా వెనక్కి వాలాలి. చివర్లో చేతులు పిడిని పక్కటెముకల కిందికి లాగుతాయి. ఇదంతా ఒక సెకను. తిరిగి వెళ్లేటప్పుడు వరస తిరగబడుతుంది: చేతులు, నడుము, ఆఖరున మోకాళ్లు. దీనికి రెండు సెకన్లు తీసుకోవాలి. ప్రతి లాగుడులో కాళ్లు, వీపు, చేతులు మూడూ పనిచేస్తాయి కాబట్టి గుండెకు నిండుగా పని దొరుకుతుంది. కూర్చుని చేసేది కాబట్టి ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు.

తొందరపడితే ఎంత మూల్యమో మెషినే చెప్తుంది. గాలి చక్రానికి కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 500 మీటర్లు రెండున్నర నిమిషాల్లో లాగడానికి దాదాపు 104 వాట్లు చాలు. అదే రెండు నిమిషాల్లో లాగాలంటే 202 వాట్లు కావాలి. అరనిమిషం ఆదాకు దాదాపు రెట్టింపు శక్తి పెట్టాలన్నమాట.

ఛాంపియన్లు కూడా ఈ నిదానాన్నే నమ్ముకున్నారు. 1970 నుంచి 2001 దాకా నార్వే అంతర్జాతీయ రోయర్ల సాధనను పరిశోధకులు పరిశీలించారు. ఆ మూడు దశాబ్దాల్లో వాళ్లు నిదానపు సాధనను నెలకు 30 గంటల నుంచి 50 గంటలకు పెంచారు, పందెం వేగపు సాధనను 23 గంటల నుంచి 7కు తగ్గించారు. అదే కాలంలో వాళ్ల ఆక్సిజన్ గరిష్ఠం నిమిషానికి 5.8 లీటర్ల నుంచి 6.5 లీటర్లకు పెరిగింది.

బాయి పని చాలదా?

ఎనిమిది గంటలు బొగ్గు బాయిలో ఒళ్లు వంచే మనిషికి మళ్లీ వ్యాయామం ఎందుకని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన తరం ఒళ్లు హూనం చేసుకున్న కష్టాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ బరువెత్తడం, ఆగడం, వంగి నిలబడటం, మళ్లీ ఎత్తడం అనే పనిలో రక్తపోటు ఎగసిపడుతుందే తప్ప గుండె ఒకే లయలో అరగంట సాగదు. విశ్రాంతి ఎప్పుడో నిర్ణయించేది కూడా మనం కాదు. యంత్రాలు వచ్చిన చోట చాలా పని కూర్చునే జరుగుతోంది. అలసట వేరు, సాధన వేరు.

మొదలుపెట్టేవాళ్లు వారానికి మూడు రోజులు, పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం కొన్ని నిమిషాలు కలుపుకుంటూ రెండు నెలల్లో అరగంటకు చేరవచ్చు. కొలత సులువు: పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. వేడిలో చెమటతో రక్తంలోని ద్రవం తగ్గి నాడి తనంతట తానే పెరుగుతుంది, కాబట్టి ఎండాకాలం వేగం పట్టుకుని వేలాడకుండా ఊపిరినే నమ్మాలి, నీళ్లు దగ్గర పెట్టుకోవాలి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన పొద్దున సాధన కంటే నిద్ర ముఖ్యం. నడుం నొప్పి, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు ముందు డాక్టరు మాట వినాలి.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. 500 మీటర్లకు 2 నిమిషాల 45 సెకన్ల వేగంతో ఇరవై నిమిషాలు లాగాక నాడి చూసి రాయండి. మొదటి వారం 138 ఉందనుకోండి. రెండు నెలల తర్వాత అదే వేగానికి 126 వస్తే, నిమిషానికి పన్నెండు దెబ్బలు మీ గుండె మిగుల్చుకున్నట్టు. స్ట్రెచర్ పట్టుకోవలసిన రోజు వస్తే, సిలిండర్‌లో ఉన్నదానితోనే మనిషిని పైకి తెచ్చేది ఆ మిగులే.