శ్రీనివాస్‌ను మనం పెద్దవాణ్ణి కానివ్వలేదు

2014 సెప్టెంబరు 19, శుక్రవారం. మాండలిన్ శ్రీనివాస్ చెన్నై ఆసుపత్రిలో కన్నుమూశారు. కాలేయ మార్పిడి జరిగింది. ఆ తర్వాత తలెత్తిన ఇబ్బందుల నుంచి కోలుకోలేకపోయారు. వయసు 45. వార్త విన్న రసికుల నోట ముందుగా వచ్చింది చిన్నపిల్లాడన్న మాటే. పద్మశ్రీ అందుకుని పదహారేళ్లయిన విద్వాంసుణ్ణి పట్టుకుని, అయ్యో పిల్లాడంటూ ఏడ్చారు. ఆ ఏడుపులో ప్రేమ ఎంత ఉందో, అన్యాయమూ అంతే ఉంది.

మా ధర్మపురి వైపు చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడిన శ్రీనివాస్‌ను ఇక్కడ రెండు భాషలవాళ్లూ మనవాడే అన్నారు. దానికి తోడు వాద్యానికి సాహిత్యం అడ్డు రాదు. త్యాగరాజ కృతికి అర్థం తెలిసినవాడూ తెలియనివాడూ పక్కపక్కన కూర్చుని ఒకే చోట తల ఊపవచ్చు. తిరువైయారులో కూర్చుని త్యాగయ్య తెలుగులో రాశాడు; ఆ కృతులనే పట్టుకుని గోదావరి జిల్లా కుర్రాడు తమిళ దేశంలో శ్రోతలను వెతుక్కున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో పిల్లాడు చేతికి తీసుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. 1981లో మద్రాసు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. ఈ కథ అందరికీ కంఠతా వచ్చు, చెప్పుకోవడానికి ముచ్చటగానూ ఉంటుంది. అయితే పూర్వజన్మ సుకృతం, దైవానుగ్రహం అంటూ చేతులెత్తి మొక్కేసరికి అసలు పని మరుగున పడిపోయింది.

ఆ పని ఏమిటో కాస్త నిలబడి చూడాలి. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. మెట్లు కదలవు. కర్ణాటక రాగం అడిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: స్వరం నిలవాలి, ఊగాలి, పక్క స్వరాన్ని తాకి వెనక్కి రావాలి. తోడిలో గాంధారాన్ని కదలకుండా పట్టుకుంటే అది తోడే కాదు. జంట తీగలను వేలితో పక్కకు లాగి గమకం పలికిద్దామంటే రెండూ ఒకే శ్రుతిలో కదలవు. శ్రీనివాస్ జంటలు తీసేశారు. ఒంటి తీగలు అయిదు బిగించారు. కింది స్థాయి అందడానికి ఒకటి అదనం. పైగా ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. ధ్వని పెరగడం అందులో ఒక లాభం మాత్రమే. మీటిన స్వరం ఆరిపోకుండా కాసేపు నిలవడం అంతకంటే పెద్ద లాభం. ఆ నిలిచిన కాసేపట్లోనే ఎడమచేతి వేలు తీగ మీద జారి గమకం పలికిస్తుంది.

ఇక గురువు. రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయన గాయకుడు, మాండలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నది విన్నట్టు తీగ మీదికి తెచ్చేవాడు. మాండలిన్ ఎలా వాయించాలో చెప్పేవాళ్లు లేకపోవడం శ్రీనివాస్‌కు కలిసొచ్చిందని నా అనుమానం. చెప్పేవాళ్లుంటే అది మాండలిన్‌లాగే మోగేది. గొంతును వెంబడించింది కనుక పాడింది.

బాలుస్వామి దీక్షితర్ చేతిలో వయొలిన్, కద్రి గోపాల్‌నాథ్ చేతిలో శాక్సఫోన్ మనవైనట్టే మాండలిన్ కూడా మనదైంది. ఉప్పలపు అన్న ఇంటిపేరు పోయి వాద్యమే ఇంటిపేరుగా స్థిరపడింది.

అభిమానుల సంగతికి వస్తాను. నేనూ వాళ్లలో ఒకణ్ణే. మనకు కావలసింది వేగం. కదనకుతూహలంలో పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కృతి 'రఘువంశ సుధాంబుధి' మొదలైతే చాలు, హాలు కుర్చీల అంచుకు వచ్చేది. ఆయన నవ్వుతూ వాయించేవారు. తప్పు పట్టడానికి లేదు, ఆ కృతి అలాగే పరుగెత్తుతుంది. కానీ తర్వాతి ఏళ్లలో ఆయన ఆలాపనను ఎంత నిదానంగా, ఎంత ఖాళీ వదిలి విప్పారో ఎంతమంది చెప్పుకున్నాం? పదమూడేళ్ల పిల్లాడి క్యాసెట్టు గురించి మాట్లాడినంతగా నలభై ఏళ్ల విద్వాంసుడి రాగం గురించి మాట్లాడలేదు.

సంస్థలూ మనలాగే ఆలోచించాయేమో. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఆయనకు రాలేదు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 2015లో, ఆ బిరుదు సంజయ్ సుబ్రహ్మణ్యన్‌కు ఇచ్చారు. దానికి ఆయన అన్ని విధాలా అర్హుడు. శ్రీనివాస్ కంటే ఒక్క ఏడాదే పెద్ద.

బయటి సంగీతకారులు ఆయన్ను పిల్లాడిగా చూడలేదు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ 'రిమెంబర్ శక్తి' బృందంలో ఆయన్ను సమఉజ్జీగా పక్కన కూర్చోబెట్టుకున్నారు. కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో కలిసి 1995లో 'డ్రీమ్' ఆల్బమ్ చేశారు. తర్వాతి కాలంలో 'శక్తి' మళ్లీ కూడినప్పుడు మాండలిన్ చోటును మరో మాండలిన్‌తో నింపలేదు. వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్‌ను తీసుకున్నారు. ఆ బృందం 2023లో తెచ్చిన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కు 2024లో గ్రామీ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో జాకీర్ కూడా వెళ్లిపోయారు.

శ్రీనివాస్ పోయిన వారానికే ఆ ఏటి నవరాత్రులు మొదలయ్యాయి. తర్వాత ఆయన లేని డిసెంబరు సీజన్ వచ్చింది. అభిమానులు సంతాపాలు రాసుకున్నారు, పాత ఫొటోలు పంచుకున్నారు. జబ్బు ఎందుకొచ్చిందంటూ గుసగుసలూ పోయారు. ఆ చివరిది మనకు అక్కర్లేని పని. రోగి గుట్టు రసికుడికి ఎందుకు?

వాద్యం మాత్రం ఆగలేదు. తమ్ముడు రాజేశ్ ఉన్నారు, అన్న దగ్గర నేర్చుకున్న శిష్యులున్నారు. వాళ్ల కచేరీకి వెళ్లినప్పుడు శ్రీనివాస్‌లా వాయించమని అడగకండి. ఆయన మీద ప్రేమ ఉంటే ఆయన పెద్దయ్యాక చేసిన రికార్డు ఒకటి తీయండి. ఆలాపన మొదలు తనియావర్తనం దాకా, మధ్యలో ఫోను చూడకుండా, పూర్తిగా వినండి.