కండ్ల మంట, కండ్ల దురద

మాఘమాసము ప్రవేశించినది మొదలు చైత్రము ముగియువఱకు మన గుంటూరు, పల్నాడు, ప్రకాశము సీమలలో ఏ పల్లెకు పోయినను కళ్ళములనిండ మిరపపండ్లు ఎండుచుండును. తొడిమలు తీయుటకు స్త్రీలు ప్రొద్దుపొడుపుననే కుప్పల చుట్టును చేరుదురు. ప్రొద్దుగ్రుంకి యిల్లు చేరుసరికి వారి కండ్లు ఎఱ్ఱబడి యుండును. "కారపు సీమలో కాపురము, కండ్ల మంట మనకు క్రొత్తయా?" యని కొంగుతో నొత్తుకొని వంటకు గూర్చుందురు. ఈ యలవాటులోనే యొక పొరపాటున్నది. మనము మంటను, దురదను, కలకను ఒక్కటిగా నెంచుచున్నాము. ఈ మూడును వేఱువేఱు. వానికి చేయవలసిన ఉపచారములును వేఱు.

ముందుగా మంట మాట. మిరపకాయ కారమునకు మూలమైన పదార్థము కాప్సెయిసిన్. గింజలంటియుండు తెల్లని భాగమున నది మిక్కుటముగా నుండును. వేడి సోకినప్పుడు "కాలుచున్న"దని మెదడునకు తెలుపు నరముల కొనలనే యిది తట్టి లేపును. అందుచే నిప్పు లేకయే నిప్పు పడినట్లు కన్ను మండును. ఈ మర్మమును కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్‌కు 2021లో మఱియొకరితో గూడ నోబెల్ బహుమానము లభించినది.

ఈ కారము నీటిలో సరిగా కరుగదు, నూనెలో కరుగును. కావుననే చేతులు వట్టి నీళ్ళతో ఎన్నిమార్లు కడిగినను, రాత్రి పసిబిడ్డ కన్ను తుడిచినంతనే బిడ్డ గుక్కపట్టి యేడ్చును. పని ముగియగానే చేతులకు కొంచెము వంటనూనె రాచి, పిమ్మట సబ్బుతో రుద్ది కడుగవలెను. చీర మార్చుకొనిన పిదపనే బిడ్డ నెత్తుకొనవలెను. కంట కారము పడినచో మాత్రము నూనె వేయరాదు. శుభ్రమైన నీరు ధారగా పోయుచు, ఱెప్పలార్చుచు పావుగంటసేపు కడుగవలెను. ప్రత్తిచేలలో చల్లు పురుగుమందు కంట చిందినను తక్షణమే యిట్లు కడిగి, మందుడబ్బాతో గూడ ఆసుపత్రికి పోవలెను.

ఇక దురద. పుప్పొడి, దుమ్ము మొదలగువానిని కొందఱి దేహము శత్రువులుగా నెంచి హిస్టమిన్ అను ద్రవ్యమును విడుచును. దానివలన రెండు కండ్లును దురద పెట్టి, నీరు కారి, ఱెప్పలు వాచును. నలిపినప్పుడు సుఖముగా నుండును గాని, నలిపినకొలది దురద హెచ్చును. ఏండ్ల తరబడి నలిపెడివారికి నల్లగ్రుడ్డుపై నుండు పారదర్శకమైన పొర పలుచబడి, ముందుకు పొడుచుకొని వచ్చి, చూపు చెడుటయు గలదు. అందుచే చల్లని నీట తడిపిన శుభ్రమైన గుడ్డను మూసిన కండ్లపై పది నిమిషము లుంచవలెను. కళ్ళములో గాలికి వీపు పెట్టి కూర్చుండుటయు, కండ్లద్దములు పెట్టుకొనుటయు మేలు.

కలక తఱచు ఒక కంట మొదలై రెండవదానికి పాకును. పుసి కట్టి, తెల్లవారుసరికి ఱెప్పలంటుకొనును. ఇది అంటువ్యాధి. రోగి తువాలు, దిండు, కాటుకభరిణె ఇతరులు వాడరాదు.

చనుబాలు, ఆముదము, తేనె, పూలరసము కంట పోయుమని పెద్దలు ప్రేమతోనే చెప్పుదురు. కాని వానితో క్రిములు చేరి నల్లగ్రుడ్డుపై పుండు పడవచ్చును. ప్రేమను గ్రహించి, మందును విడుచుటయే ఉచితము.

అన్నిటికంటె భయంకరమైన సంగతి యింకొకటి కలదు. వేసవి రాగానే కొందఱు పిల్లలకు, ముఖ్యముగా మగపిల్లలకు, విపరీతమైన కండ్ల దురద కలుగును. తల్లి మందులంగడిలో నొక చుక్కలమందు కొని వేయును. రెండు దినములలో కన్ను తెల్లబడును. మఱుసటి యేడు మరల అదే సీసా, ఆపై యేడును అదే. అందు స్టెరాయిడ్ ఉన్నదని ఆమె యెఱుగదు. వైద్యుని పర్యవేక్షణ లేక ఆ మందు చిరకాలము వాడినచో కంటిలోపలి ఒత్తిడి పెరిగి, చూపునరము మెల్లమెల్లగా చచ్చును, శుక్లమును రావచ్చును. శుక్లమునకు శస్త్రచికిత్స కలదు గాని, చచ్చిన నరము మరల బ్రతుకదు. ఆ బాలుని దురద యౌవనము వచ్చుసరికి సాధారణముగా తనంతట తానే తగ్గునది. పోయిన చూపు మాత్రము తిరిగి రాదు.

సోదరీమణులారా! వెలుతురు చూడలేకపోయినను, చూపు మసకబారినను, నొప్పి హెచ్చినను, దురద పలుదినములు విడువకున్నను అంగడికి కాదు, కంటి వైద్యునికడకు పొండు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి యున్నది. పెదకాకానిలో శంకర నేత్రవైద్యశాల యున్నది. ఇంటనున్న పాత చుక్కలమందు సీసాను నేడే వెదకి తీసి వైద్యునకు చూపుడు. ఒక్కదినపు కూలి పోవునని వెనుదీయకుడు. రేపు తొడిమ తీయవలసినను, బిడ్డకు అక్షరము దిద్దించవలసినను ఆ కండ్లే కావలెను గదా!